మినాక్సిడిల్ 5% లోషనూ ఫోమూ రెండూ వాడి రాస్తున్న రివ్యూ, సీసా మీద కాంపోజిషన్ చూడకుండా మాత్రం కొనబాకండి

అంతా చదివే ఓపిక లేనోళ్ళకి రేటింగ్ ముందే చెప్పేస్తా. జుట్టు పల్చబడితే నెత్తికి పూసుకునే మందు ఈ మినాక్సిడిల్, దాని 5% లోషన్‌కి ఐదుకి మూడు, అదే 5% ఫోమ్‌కి నాలుగు, నాకు ఇవి అమ్మిన నెల్లూరు పొగతోట మందుల షాపుకి రెండు. షాపు పేరు రాయను, ఎందుకంటే చీటీలో రాసింది కాకుండా వేరేది అంటగట్టేది ఆ ఒక్క షాపే కాదు, నాకు తెలిసినోళ్ళు ఒంగోల్లో కొన్నా కావలిలో కొన్నా ఇదే కథ చెప్పారు. కంపెనీ పేరు కూడా రాయను, మందు ఒకటే, పెట్టెల మీద పేర్లు మాత్రం లెక్కలేనన్ని.

నాది రొయ్యల మేత కంపెనీలో ఫీల్డ్ పని. పొద్దున లేస్తే ఇందుకూరుపేట, ముత్తుకూరు, అల్లూరు వైపు చెరువుల గట్ల మీద బండి మీద తిరుగుడే, నెత్తిన హెల్మెట్, హెల్మెట్ లోపల చెమట. ముప్పై దాటాక నడినెత్తి పల్చబడటం మొదలైంది, నుదురు రెండు పక్కలా వెనక్కి పోతా ఉండాది. మా అమ్మేమో బోరు నీళ్ళంటాది, ఆ హెల్మెట్ వల్ల అంటాది, గుంటగలగరాకు నూనె కాచి పెడతాది. నూనె బాగుంటాది, నేనేం కాదనను, రాత్రి పూట హాయిగా నిద్ర పడతాది. కానీ మా నాయనకీ, ఇద్దరు మేనమామలకీ నలభైకల్లా నడినెత్తి ఖాళీ, వాళ్ళలో ఒకాయన హెల్మెట్ పెట్టిందే లేదు. స్కిన్ డాక్టర్ చూసి రెండు ముక్కల్లో తేల్చేశాడు, ఇది వంశంలో వచ్చేది, డీహెచ్‌టీ అనే హార్మోన్ వెంట్రుక కుదురుని ఏటికేడు సన్నం చేస్తా పోతాది, బోరు నీళ్ళకి జుట్టు గరుకవుతాది గానీ మాడు మీద గుండ్రంగా ఖాళీ చెయ్యదు అని.

ఆయన అడిగిన ప్రశ్నలు బాగా గుర్తుండాయి. బీపీ ఉందా, గుండెకి ఏమన్నా మందులు వాడతా ఉండావా, తల మీద పుండ్లు, సోరియాసిస్ లాంటివి ఉండాయా, జుట్టు ఒక్కసారిగా కుచ్చులు కుచ్చులుగా ఊడిందా మెల్లగా పల్చబడిందా. ఆఖర్న ఇంట్లో చిన్నపిల్లలు ఉండారా అని. ఉండాది, పాప, ఇంకా పాలు తాగతా ఉండాది అని చెప్పా. అయితే మినాక్సిడిల్ ఒక్కటే వాడు, ఇంకేం కలవనిది, అని చీటీ మీద రాసి దాని కింద గీత కూడా గీశాడు.

ఆ చీటీ తీసుకుని షాపుకి పోతే కౌంటర్ మీద అబ్బాయి చీటీ వంక చూశాడో లేదో, ఒక పెట్టె తీసి పెట్టాడు. పెట్టె మీద బ్రాండ్ పేరు పక్కన ఎఫ్ అని ఉండాది. తిప్పి చూస్తే మినాక్సిడిల్ 5%, ఫినాస్టెరైడ్ 0.1%. ఇది కాదు కదా తమ్ముడూ, డాక్టర్ రాసింది ఒట్టి మినాక్సిడిల్ అంటే, "రెండూ ఒకటే అన్నా, ఇది ఇంకా స్ట్రాంగు, అందరూ ఇదే తీసుకుపోతా ఉండారు, పూసుకునేదే కదా కడుపులోకి పోయేదా ఏందన్నా" అన్నాడు. ఆ ఆఖరి మాట వినే ఈ రివ్యూ రాయాలనిపించింది నాకు. పూసుకునేదే కదా అనే మాట మీద మన దగ్గర ఎంత వ్యాపారం నడస్తా ఉండాదో.

రెండూ ఒకటి కాదబ్బా. మినాక్సిడిల్ పని వేరు, అది హార్మోన్ జోలికి పోదు, వెంట్రుక కుదురు దగ్గర పనిచేసి పెరిగే దశని పొడిగిస్తాది. ఫినాస్టెరైడ్ ఆ డీహెచ్‌టీ తయారీనే తగ్గిస్తాది, అంటే ఒంట్లో హార్మోన్ మీద చెయ్యి వేసే మందు. మాత్రగా అమెరికాలో 1997లో 1 మిల్లీగ్రాముది బట్టతలకి ఆమోదం వచ్చింది, బాగా పనిచేస్తాది, అందులో అనుమానం లేదు. కొంతమందికి కోరిక తగ్గడం, అంగస్తంభన సమస్య, దిగులు లాంటివి వస్తాయని మాత్రల పెట్టెలోని కాగితంలోనే ఉంటాది. మరి నెత్తికి పూస్తే నెత్తి దగ్గరే ఆగిపోద్దా అంటే, ఆగదు. 0.25% ఫినాస్టెరైడ్ స్ప్రే మీద యూరప్‌లో పెద్ద ట్రయల్ చేసి 2022లో అచ్చేశారు, అందులో మాత్ర మింగినోళ్ళకి రక్తంలో డీహెచ్‌టీ 55.6% తగ్గితే, స్ప్రే కొట్టుకున్నోళ్ళకి 34.5% తగ్గింది. మాత్ర కంటే తక్కువే, ఒప్పుకుంటా, కానీ మూడో వంతు తగ్గిందంటే ఒంట్లోకి పోయినట్టే గదా. కౌంటర్ మీద చెప్పిన మాట అక్కడే తప్పు.

2025 ఏప్రిల్లో అమెరికా మందుల సంస్థ ఎఫ్‌డీఏ ఈ పూత ఫినాస్టెరైడ్ మీదే హెచ్చరిక ఇచ్చింది. అక్కడ దీనికి ఆమోదం లేదు, ఫార్మసీల్లో కలిపి ఇచ్చేవి, ఆన్‌లైన్ కంపెనీలు అమ్మేవి మాత్రమే. 2019 నుంచి 2024 దాకా 32 కేసులు వచ్చాయని చెప్పారు, లైంగిక సమస్యలు, నిద్ర పట్టకపోవడం, ఆందోళన, డిప్రెషన్, మెదడు మబ్బు పట్టినట్టు ఉండటం, కొందరికైతే చనిపోవాలనే ఆలోచనలు కూడా, మందు ఆపాక కూడా కొందరికి తగ్గలేదంట. 32 అంటే వాడే జనంలో చాలా చిన్న సంఖ్య, పైగా రిపోర్టు వచ్చినంత మాత్రాన మందే చేసిందని తేలినట్టు కాదు. నేను భయపెట్టడానికి రాయట్లేదు. అందులో నన్ను ఆపింది ఏందంటే, ఈ సమస్యలు రావొచ్చని మాకెవరూ చెప్పలేదు, పూసుకునే మందు కాబట్టి ఏం కాదనుకున్నాం అని కొందరు చెప్పుకున్నారంట. మా పొగతోట కౌంటర్ దగ్గర జరిగింది అచ్చంగా అదే.

ఇంకోటి, ఆడవాళ్ళ సంగతి. కడుపుతో ఉన్నోళ్ళు ఫినాస్టెరైడ్ తాకకూడదు, కడుపులో ఉంది మగబిడ్డ అయితే జననాంగాలు సరిగ్గా తయారు కాకపోయే ప్రమాదం ఉండాది. మొగుడు తలకి పూసుకుని అదే చేత్తో ఇంట్లో అన్నీ ముట్టుకుంటాడు, అదే దిండు ఇద్దరిదీ. కొత్తగా పెళ్ళయినోళ్ళే కదా ఈ మందులకి ఎక్కువ పరిగెత్తేది. కౌంటర్ మీద ఒక్క ప్రశ్న అడిగుంటే ఏం పోయింది. డాక్టర్ చూసి, అన్నీ అడిగి, నీకు ఫినాస్టెరైడ్ కావాలి అని రాస్తే అది వేరే లెక్క, నేను దాన్ని తప్పంటల్లా. ఒట్టి మినాక్సిడిల్ చీటీకి అది అంటగట్టడమే నా కంప్లైంట్.

సరే, చివరికి లోపల్నుంచి ఒట్టి మినాక్సిడిల్ తెప్పించి ఇచ్చాడు, మొహం ముడుచుకుని.

ఇంక ప్రొడక్టు సంగతి. మినాక్సిడిల్ ముందు బీపీ మాత్ర. అమెరికాలో 1979లో మామూలు మందులకి లొంగని బీపీకి వచ్చింది, అది మింగినోళ్ళకి ఒంటి మీద, మొహం మీద వెంట్రుకలు మొలుస్తా ఉంటే అప్పుడు దీన్ని తలకి పూసి చూశారు. 1988లో 2% లోషన్‌కి ఆమోదం, 1997లో మగాళ్ళకి 5%, 2006లో ఫోమ్. బీపీ మందు అనే మాట విని మా ఫ్రెండు ఒకడు సగం వాడిన సీసా పారేశాడు, అంత భయం అక్కర్లేదు, లెక్క చూడండి. 5% అంటే ఒక ఎంఎల్‌లో 50 మిల్లీగ్రాములు. పొద్దున ఒక ఎంఎల్, రాత్రి ఒక ఎంఎల్, మొత్తం 100. మంచి చర్మం మీద పూస్తే అందులో సగటున 1.4% మాత్రమే రక్తంలోకి పోతాది, అంటే రోజుకి ఒకటిన్నర మిల్లీగ్రాము లోపే. బీపీకి మింగే డోసు మామూలుగా 10 నుంచి 40 దాకా. అందుకే ఆరోగ్యంగా ఉన్నోడికి, చెప్పినంతే పూస్తే, పెద్దగా ఏం కాదు అంటారు.

ఆ లెక్క అంతా "మంచి చర్మం", "చెప్పినంతే" అనే రెండు మాటల మీద నిలబడి ఉండాది. మనోళ్ళు రెండూ తప్పుతారు. రెండు ఎంఎల్ చెప్తే నాలుగు పోస్తారు, తొందరగా వస్తాదని. చెరువులో మందు రెండింతలు కొడితే రొయ్య రెండింతలు పెరుగుద్దా, తేలిపోద్ది. ఇదీ అంతే, జుట్టు ఎక్కువ రాదు, ఒంట్లోకి పోయేది మాత్రం పెరుగుతాది.

ఎర్రగా కందిన నెత్తి, ఎండకి కాలిన నెత్తి, గీతలు పడ్డ నెత్తి, వీటి మీద పూయకూడదు. మా వైపు దీనికో స్పెషల్ సమస్య ఉండాది, గుండు. ఏడాదికోసారి తిరుమలో పెంచలకోనో పోయి గుండు చేయించుకోకుండా ఉండే ఇల్లు తక్కువ. గుండు కొట్టించుకుని వచ్చిన రాత్రే, జుట్టు అడ్డం లేదు కదా మందు బాగా దిగుద్ది అని పూసేవాళ్ళు ఉండారు. దిగుద్ది, అదే కదా సమస్య, బ్లేడు గీసిన చర్మం, పైన ఎండ. నేను మంట, ఎరుపు, గాట్లు అన్నీ తగ్గేదాకా ఆపి, తర్వాత మొదలుపెట్టా. మధ్యలో కొన్నాళ్ళు ఆపితే కొంపేం మునగదు.

మా బావమరిది ఒంగోల్లో ఉంటాడు, వాడు ఆన్‌లైన్‌లో కిట్టు తెప్పించాడు, అందులో సూదులు ఉన్న రోలర్ కూడా వచ్చింది. నెత్తి మీద ఆ రోలర్ తిప్పి, చిన్న చిన్న బొట్లు రక్తం వచ్చాక, వెంటనే మినాక్సిడిల్ పోశాడు. కాసేపటికి తల తిరిగి, గుండె దడదడ కొట్టుకుని మంచం మీద పడ్డాడు. చిల్లులు పొడిచి పోస్తే ఆ 1.4% లెక్క ఇంక యాడ నిలుస్తాది. కొన్ని సీసాల్లో ట్రెటినాయిన్ అనే ఇంకో మందు కూడా కలిపి ఉంటాది, అది కూడా చర్మంలోంచి మినాక్సిడిల్ ఇంకా ఎక్కువ లోపలికి పోయేలా చేస్తాది. కాబట్టి నేను మళ్ళీ చెప్పేది అదే, పెట్టె తిప్పి చూడండి, మినాక్సిడిల్ తర్వాత ఇంకేం పేరు ఉండాదో.

లోషన్‌కి మూడే ఎందుకిచ్చానంటే దురద. పూసిన కొన్నాళ్ళకి నెత్తి పొడిబారి, పొట్టు రాలడం మొదలైంది, చుండ్రేమో అనుకునే రకం. అది చాలామందికి మినాక్సిడిల్ వల్ల కాదంట, దాన్ని కరిగించడానికి వేసే ప్రొపైలీన్ గ్లైకాల్ వల్ల. ఫోమ్‌లో అది ఉండదు. డాక్టర్ని అడిగి ఫోమ్‌కి మారితే దురద పోయింది. లోషన్ జిగురుగా ఉంటాది, నుదుటి మీదకి కారతాది, కారిన చోట నూగు వెంట్రుకలు వస్తాయి, నాకు కణతల దగ్గర రొవంత వచ్చాయి కూడా. ఫోమ్ కారదు గానీ మన ఎండలకి ఇంకో తలనొప్పి, చేతిలో వేసుకోగానే వేడికి కరిగి నీళ్ళయిపోతాది. రోహిణి కార్తెలో అయితే వేళ్ళు చన్నీళ్ళలో ముంచి తుడుచుకుని అప్పుడు తీసుకోవాల్సి వస్తాది. ఫోమ్ రేటు కూడా ఎక్కువే. రెండిట్లోనూ ఆల్కహాల్ ఉంటాది, పూసుకుని ఆరకముందే దేవుడి దగ్గర దీపం, సిగరెట్టు, పొయ్యి దగ్గరికి పోబాకండి.

మొదట్లో జుట్టు ఇంకా ఎక్కువ రాలతాది. ఇది చెప్పకపోతే సగం మంది అక్కడే ఆపేస్తారు. పాత వెంట్రుక రాలిపోయి కొత్తది మొలిచే దశలోకి కుదురు మారడం వల్ల మొదటి కొన్ని వారాలు అట్టా ఉంటాది, మా అమ్మ బాత్రూంలో జాలీ చూసి ఆ మందు పారెయ్యి నాయనా అని గోల. తర్వాత ఆగింది.

ఆపెయ్యాల్సిన లక్షణాలు వేరే ఉండాయి, ఇవి పెట్టెలోని కాగితం మీదే ఉంటాయి, ఎవడూ చదవడు. ఛాతీలో నొప్పి, గుండె దడ, కళ్ళు తిరగడం, కాళ్ళూ చేతులూ వాపు, ఉన్నట్టుండి బరువు పెరగడం. ఇవి వస్తే పూయడం ఆపి డాక్టర్ దగ్గరికి పోవాల. మా మామ, అంటే మా ఆవిడ వాళ్ళ నాయన, గుండెకి స్టెంట్ వేసి ఉండాది, నా జుట్టు చూసి "అల్లుడూ, నాకూ ఒక సీసా తే" అన్నాడు. తేలేదు. అలిగాడు, అలిగినా పర్లేదు, ముందు మీ గుండె డాక్టర్ని అడగండి మామా అని చెప్పా. పద్దెనిమిది నిండని పిల్లలకి కూడా వద్దు, ఇంటర్ హాస్టళ్ళలో పిల్లోళ్ళు గడ్డం రావాలని పూసుకుంటా ఉండారు, అది ఇంకో పిచ్చి.

పాప ఉందా అని డాక్టర్ ఎందుకు అడిగాడో తర్వాత అర్థమైంది. 2023లో స్పెయిన్‌లో నవార్రా అనే చోట ఒక పసిబిడ్డకి వీపు మీద, కాళ్ళ మీద, తొడల మీద వెంట్రుకలు పెరగడం మొదలైంది. ఆరా తీస్తే, బిడ్డని చూసుకుంటున్న తండ్రి నెత్తికి 5% మినాక్సిడిల్ పూసుకుంటా ఉండాడు. తండ్రి ఆపేశాక బిడ్డకి ఆ వెంట్రుకలు పోయాయి. అట్టాంటివి యూరప్‌లో ఇంకొన్ని బయటపడ్డాక, పూసిన చోట పిల్లలు తాకకుండా చూసుకోండి, పూసుకున్నాక చేతులు కడుక్కోండి అని మందు కాగితంలో చేర్చమని 2024లో అక్కడి మందుల సంస్థ చెప్పింది. పసిబిడ్డల చర్మం పల్చన, పైగా చేతికి అందింది నోట్లో పెట్టుకుంటారు. మా పాప నా నెత్తి మీద ఎక్కి జుట్టు పీకి నోట్లో పెట్టుకునే రకం. అందుకని నేను రాత్రి పాప పడుకున్నాకే పూసుకుంటా, చేతులు సబ్బుతో కడుక్కుంటా, దిండుకి వేరే గలీబు, ఆ దిండు పాప దగ్గరికి రాదు. ఆరడానికి రెండు మూడు గంటలు పడతాది కాబట్టి పూయగానే పడుకోను, ఫోన్ చూసుకుంటా కూర్చుంటా. పొద్దున డోసు మాత్రం ఆఫీసుకి పోయే ముందు ఆరేంత టైం ఉండేట్టు తెల్లారుజామునే, తడి నెత్తి మీద హెల్మెట్ పెట్టను.

పిల్లి ఉన్న ఇల్లయితే ఇంకా జాగ్రత్త. పిల్లికి ఇది విషం, దిండు మీద అంటిన కాస్తంత నాకినా చచ్చిపోగలదు. మా సందులో పిల్లులు కిటికీలోంచి వచ్చి మంచం ఎక్కి పడుకుంటాయి, మా ఆవిడ వాటికి పాలు పోస్తాది, ఆ కిటికీకి నెట్ కొట్టించా.

పనిచేసిందా అంటే, నడినెత్తి మీద తేడా తెలుస్తా ఉండాది, నిండింది అనను, తెల్లగా కనపడేది కనపడట్లా. నుదురు దగ్గర ఏమీ రాలేదు, ఉన్నది పోకుండా నిలబడింది అంతే. 5% వాడినా నాలుగు నెలలు ఓపిక పట్టకుండా ఏం చెప్పలేం. ఇంకో సంగతి, ఇది కోర్సు కాదు, వాడినన్నాళ్ళే, ఆపేస్తే మూడు నాలుగు నెలల్లో వచ్చిందంతా పోయి ముందున్న దగ్గరికి వస్తాది. 60 ఎంఎల్ సీసా రోజుకి రెండు ఎంఎల్ లెక్కన సరిగ్గా నెల వస్తాది, లోషన్ సీసా 700, 800 దాకా ఉంటాది, అంటే ఏళ్ళ తరబడి నెలనెలా ఖర్చు, ఇంట్లో చెప్పి మొదలుపెట్టండి.

మళ్ళీ షాపు దగ్గరికి వస్తా. రెండు మార్కులు ఎందుకిచ్చానంటే ఆ రెండూ టైమింగ్‌కి, స్టాకుకి. రాత్రి పొద్దుపోయినా తెరిచే ఉంటాది, అడిగింది లేకపోతే పక్క షాపునుంచైనా తెప్పిస్తారు, బిల్లు అడగ్గానే ఇస్తారు, ఎక్స్‌పైరీ దగ్గరపడ్డ సీసా ఒకసారి మార్చమంటే మారు మాట్లాడకుండా మార్చారు. పోయిన మూడు మార్కులు మాత్రం చీటీ చదవనందుకు. ఈ మధ్య పోతే కౌంటర్ మీద వేరే ఆయన, కాస్త పెద్దాయన, ఉండాడు, ఒట్టిదా ఎఫ్ ఉన్నదా సార్ అని ఆయనే అడిగాడు. ఒట్టిదే అన్నా. నా వెనక నిలబడ్డ కుర్రాడు మాత్రం "నాకు ఎఫ్ ఉన్నది ఇవ్వన్నా, అదే స్ట్రాంగంట" అన్నాడు, చేతిలో చీటీ లేదు, ఆయన ఏమీ అడక్కుండానే తీసి ఇచ్చేశాడు. అందుకే రెండు రెండుగానే ఉంచా.